స్లాబు కింది ఊతలను ఎప్పుడు తీయాలి?

మీ వీధిలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే స్లాబు వేసే రోజు హడావిడి మీరు చూసే ఉంటారు. తెల్లవారకముందే కూలీలు వస్తారు. కాంక్రీటు కలిపే మిల్లరు గడగడమంటూ తిరుగుతుంది. నిచ్చెన మీద వరుసగా నిలబడిన మనుషులు గమేళాలను ఒక చేతినుంచి మరొక చేతికి అందిస్తారు. సాయంత్రానికి పని పూర్తవుతుంది. ఇంటివారు అందరికీ మిఠాయి పంచుతారు. మరునాడు పొద్దున్నే మేస్త్రి ఆ స్లాబు మీద నడుస్తూ ఇసుకతో చిన్న చిన్న గట్లు కట్టి, నీళ్ళు నిలవ పెడతాడు.

నిన్న సాయంత్రం జావలా ఉన్న కాంక్రీటు ఈ రోజు మనిషి నడిచినా చెక్కుచెదరలేదు. గోటితో గీస్తే గీత పడదు. మరి గట్టిపడిపోయినట్టేగా? అయినా కింద అడవిలా నిలబెట్టిన ఆ బాదులను ఇంకా ఎందుకు ఉంచారు? లోపల గదిలోకి వెళ్ళే దారి కూడా లేకుండా రోజుల తరబడి వాటిని అలాగే వదిలేయటం ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు తెలియనందువల్ల, తెలిసీ తొందరపడినందువల్ల చాలామంది ప్రాణాలు పోయాయి. మీలో కొందరి అమ్మానాన్నలో, అన్నయ్యలో ఈ పనే చేస్తూ ఉండవచ్చు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి ఎందరో ఈ పని మీదనే దూరపు నగరాలకు వెళుతున్నారు. కనుక ఈ విషయం పరీక్షల కోసం కాదు, ప్రాణాల కోసం తెలుసుకోవలసినది.

ముందు కొన్ని మాటలు

మేస్త్రీలు వాడే మాటలను మొదట అర్థం చేసుకుందాం.

సెంట్రింగు: తడి కాంక్రీటుకు తనకంటూ ఒక ఆకారం లేదు. ఏ పాత్రలో పోస్తే ఆ ఆకారం వస్తుంది. స్లాబుకూ, బీముకూ, పిల్లరుకూ కావలసిన ఆకారంలో చెక్కతోగాని, ఇనుపరేకులతోగాని తయారుచేసే అచ్చును సెంట్రింగు అంటారు.

ఊతలు: ఆ అచ్చును కిందనుంచి మోసే నిలువు కర్రలు. పూర్వం వీటికి సరుగుడు బాదులు వాడేవారు. ఇప్పుడు ఇనుప జాకీలు కూడా వాడుతున్నారు.

పరంజా: పనివాళ్ళు ఎత్తులో నిలబడి పనిచేయటానికి గోడ పక్కన కట్టే మంచె. కోస్తా జిల్లాల్లో కొన్నిచోట్ల దీన్నే సారవ అంటారు. ఊతలు కాంక్రీటును మోస్తాయి, పరంజా మనుషులను మోస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోండి.

మాలు: ఇటుకలను అతికించటానికి సిమెంటు, ఇసుక, నీళ్ళు కలిపి చేసే ముద్ద.

క్యూరింగు: కాంక్రీటును రోజుల తరబడి తడిగా ఉంచటం.

ఆరటం కాదు, బలపడటం

"స్లాబు ఆరింది" అని మనం మాటవరసకు అంటాం. బురద ఆరితే గట్టిపడుతుంది. అందుకని కాంక్రీటు కూడా ఆరే గట్టిపడుతుందనుకుంటాం. ఇది పొరపాటు. ఆరిపోవటమే కారణమైతే దానిమీద మళ్ళీ నీళ్ళు ఎందుకు నిలవ పెడతారు?

నిజానికి సిమెంటు నీటితో రసాయన చర్య జరుపుతుంది. సిమెంటులో ముఖ్యంగా కాల్షియం సిలికేట్లు ఉంటాయి. అవి నీటితో కలిసినప్పుడు కంటికి కనిపించనంత సన్నని నారల్లాంటి, పొరల్లాంటి కొత్త పదార్థం పుడుతుంది. ఈ నారలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఇసుకనూ, కంకరనూ బిగించి పట్టుకుంటాయి. ఈ చర్యలో వేడి కూడా వెలువడుతుంది. నీళ్ళు అందుతున్నంతకాలం నారలు పెరుగుతూనే ఉంటాయి. నీళ్ళు ఆవిరైపోతే పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది. క్యూరింగు రహస్యం ఇదే.

ఇందులో రెండు దశలు ఉన్నాయి. మొదటిది గడ్డకట్టటం. ఇది కొన్ని గంటలలో పూర్తవుతుంది. మామూలు సిమెంటు అయితే 10 గంటల లోపల గడ్డకట్టి తీరాలని మన ప్రమాణాలు చెబుతాయి. రెండవది బలపడటం. ఇది కొన్ని వారాలపాటు సాగుతుంది. మరునాడు మేస్త్రి స్లాబు మీద నడవగలిగాడంటే అర్థం మొదటి దశ పూర్తయిందనే. రెండవ దశ అప్పుడే మొదలైందన్నమాట!

గట్టిగా కనిపించటం వేరు, బలంగా ఉండటం వేరు. ఈ వ్యాసమంతటిలో గుర్తుంచుకోవలసిన మాట ఇదే.

వేలిగోరంత చోట నాలుగు బస్తాలు

ఇంజనీర్లు కాంక్రీటు బలాన్ని 28వ రోజున కొలుస్తారు. స్లాబులో పోసిన కాంక్రీటునుంచే కొంత తీసి, 15 సెంటీమీటర్ల భుజం ఉన్న ఘనాకారపు అచ్చులలో పోసి, నీళ్ళలో ఉంచి, తర్వాత యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. ఇళ్ళకు వాడే ఎం-20 అనే రకం కాంక్రీటు 28 రోజులకు ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు 200 కిలోల బరువు మోయగలగాలి. అంటే మీ వేలిగోరంత చోట నాలుగు సిమెంటు బస్తాలన్నమాట!

మరి ఒక్క రోజు వయసున్న కాంక్రీటు ఎంత మోస్తుంది? మొత్తం బలంలో సుమారు ఆరో వంతు మాత్రమే. మూడు రోజులకు సుమారు 40 శాతం, ఏడు రోజులకు సుమారు 65 శాతం బలం వస్తుంది. ఈ అంకెలు సిమెంటు రకాన్నిబట్టి, వాతావరణాన్నిబట్టి మారుతుంటాయి. చలిలో రసాయన చర్య మందగిస్తుంది కనుక బలం ఇంకా నెమ్మదిగా వస్తుంది.

ఇప్పుడు కింది ఊతలు మోసే బరువెంతో లెక్కవేద్దాం. గది పొడుగు 4 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు అనుకోండి. స్లాబు మందం 12.5 సెంటీమీటర్లు. అప్పుడు కాంక్రీటు ఘనపరిమాణం 4 × 4 × 0.125 = 2 ఘనపు మీటర్లు. ఇనుముతో కలిపి ఒక ఘనపు మీటరు కాంక్రీటు బరువు సుమారు 2,500 కిలోలు. కనుక ఆ ఒక్క గది స్లాబు బరువే 5,000 కిలోలు. బాగా ఎదిగిన మగ ఏనుగును ఇంటికప్పు మీద నిలబెట్టినట్టే! పైన పనిచేసే మనుషులూ, సామానూ దీనికి అదనం. స్లాబుకు సొంత బలం వచ్చేదాకా ఇదంతా మోసేది కింది బాదులే.

విల్లో ఐలండ్‌లో ఏం జరిగింది?

1978 ఏప్రిల్ 27. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, విల్లో ఐలండ్ అనే ఊరు. అక్కడ ఒక విద్యుత్కేంద్రం కోసం పెద్ద కూలింగ్ టవరు కడుతున్నారు. నడుము సన్నగా, పైనా కిందా వెడల్పుగా ఉండే ఇలాంటి టవర్లను విశాఖపట్నం దగ్గర సింహాద్రి విద్యుత్కేంద్రంలో మీలో కొందరు చూసి ఉంటారు.

ఆ టవరు గోడను వలయం మీద వలయంగా పోస్తూ పైకి లేపుతున్నారు. ఇక్కడొక విశేషం ఉంది. పనివాళ్ళు నిలబడే పరంజాను నేలమీద ఆనించలేదు. అప్పటికే పోసిన టవరు గోడకే బోల్టులతో బిగించారు. గోడతోపాటు పరంజా కూడా పైకి జరుగుతూ వెళుతుంది. కాంక్రీటును పైకి లాగే యంత్రాల బరువును కూడా ఆ గోడే మోస్తుంది.

ముందు రోజు 28వ వలయం పోశారు. ఏప్రిల్ 27 ఉదయం 29వ వలయం పని మొదలుపెట్టారు. అప్పటికి టవరు ఎత్తు సుమారు 50 మీటర్లు. బకెట్లతో కాంక్రీటు పైకి వెళుతోంది. ఉన్నట్టుండి పైభాగం విడిపోవటం మొదలైంది. నిన్న పోసిన వలయం ముక్కలై ఊడిపోతూ టవరు చుట్టూ విప్పుకుంటూ వచ్చింది. దానితోపాటు పరంజా, పరంజాతోపాటు మనుషులు కిందికి వచ్చేశారు. పరంజా మీద ఉన్న 51 మందిలో ఒక్కరు కూడా బతకలేదు.

అమెరికా ప్రభుత్వపు జాతీయ ప్రమాణాల సంస్థ శాస్త్రజ్ఞులు నెలల తరబడి పరిశోధించారు. 28వ వలయంలోని కాంక్రీటుకు తగినంత బలం రాకముందే దానిమీద నిర్మాణపు బరువు పడటమే ఈ ప్రమాదానికి కారణమని తేల్చారు. ఆ కాంక్రీటు వయసు అప్పటికి ఒక రోజు మాత్రమే. రాత్రి చలిగా ఉండటంతో అది మరింత నెమ్మదిగా బలపడింది. చూస్తే గట్టిగానే ఉంది. కాని బలం లేదు.

అంతకు ఐదేళ్ళ ముందు, 1973 మార్చి 2న, అదే దేశంలో వర్జీనియా రాష్ట్రంలోని బెయిలీస్ క్రాస్‌రోడ్స్ అనే చోట ఇలాంటిదే జరిగింది. కడుతున్న ఒక ఎత్తయిన భవనంలో 23వ అంతస్తు స్లాబుకు తగిన బలం రాకముందే దాని కింది ఊతలు తీసేశారు. స్లాబును చీల్చుకుని స్తంభాలు పైకి వచ్చాయి. అది కింది అంతస్తుమీద పడింది. ఆ దెబ్బకు అదీ పడింది. ఇలా పైనుంచి నేలదాకా భవనంలోని ఆ భాగమంతా అంతస్తు మీద అంతస్తుగా కూలిపోయింది. 14 మంది మరణించారు.

ఇలాంటి అనుభవాలు నేర్పిన పాఠాలు తర్వాత నియమాల రూపంలోకి వచ్చాయి. కాంక్రీటుకు తగిన బలం వచ్చిందని నిర్ధారణ చేసుకున్న తర్వాతే ఊతలు తీయాలి. లెక్కలు తెలిసిన ఇంజనీరు సరేననకుండా కొత్త కాంక్రీటు మీద నిర్మాణపు బరువు పెట్టకూడదు. కాంక్రీటు పోయబోయే ముందు, పోస్తున్నప్పుడు, పోసిన వెంటనే ఊతలను తనిఖీ చేయాలి. పైకి లేపుతున్న కాంక్రీటు బకెట్ కింద మనుషులు ఉండకూడదు. చదవటానికి ఇవి చిన్న వాక్యాలే. వీటి వెనుక ఎన్ని కుటుంబాల కన్నీళ్ళున్నాయో ఆలోచించండి.

మరి ఎన్ని రోజులు ఆగాలి?

మన దేశంలో కాంక్రీటు పనులకు ఐ.ఎస్. 456 అనే ప్రమాణం ఉంది. 2000 సంవత్సరంలో వెలువడిన ప్రతిలో మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు, వాతావరణం 15 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గనప్పుడు, ఇచ్చిన కనీస గడువులు ఇవి:

పిల్లర్లు, గోడలు, బీముల పక్క రేకులు తీయటానికి 16 నుంచి 24 గంటలు.
స్లాబు కింది ఊతలు తీయటానికి, గోడకూ గోడకూ మధ్య దూరం 4.5 మీటర్ల లోపు అయితే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు.
బీముల కింది ఊతలు తీయటానికి, దూరం 6 మీటర్ల లోపు అయితే 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు.

బూడిద కలిపిన సిమెంటు ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. అది మొదట్లో నెమ్మదిగా బలపడుతుంది కనుక గడువు ఇంకా పెంచాలి. ఎంత పెంచాలో ఇంజనీరే చెప్పాలి.

పక్క రేకులను ఒక రోజులోనే తీయవచ్చు, స్లాబు కింది ఊతలకు మాత్రం వారం, రెండు వారాలు ఆగాలి. ఎందుకీ తేడా? పిల్లరు పక్కనున్న రేకు కాంక్రీటు పక్కకు జారిపోకుండా ఆపుతుంది, అంతే. గడ్డకట్టిన తర్వాత దానితో పనిలేదు. స్లాబు కింది ఊతలు మాత్రం బరువునే మోస్తున్నాయి.

అన్నీ తెలిసినా తొందరెందుకు పడతారు? సెంట్రింగు సామాను చాలావరకు అద్దెకు వస్తుంది. రోజుకింత అని అద్దె కట్టాలి. పక్క ఇంటి స్లాబుకు అవే రేకులు, అవే జాకీలు కావాలి. నాలుగు రోజుల అద్దె మిగులుతుందన్న ఆశ ఒక వైపు, కింద పనిచేసే మనిషి ప్రాణం ఒక వైపు. ఏది బరువో చెప్పటానికి త్రాసు అక్కరలేదు.

ఏ ఊత ముందు తీయాలి?

గడువు పూర్తయితే చాలదు. ఊతలను తీసే వరస కూడా ముఖ్యమే. దీన్ని అర్థం చేసుకోవటానికి ఒక సుద్దముక్క తీసుకోండి. రెండు చివరలూ పట్టుకుని లోపలికి నొక్కండి. విరగదు. ఇప్పుడు కొద్దిగా వంచండి. టపీమని విరుగుతుంది. వంచినప్పుడు సుద్దముక్కకు ఒక వైపు నొక్కుకుంటుంది, రెండో వైపు సాగుతుంది. నొక్కుడును అది ఓర్చుకుంటుంది, సాగుడును ఓర్చుకోలేదు. కాంక్రీటు స్వభావం కూడా ఇదే. అందుకనే సాగుడు వచ్చే వైపు ఇనుప ఊచలు పెడతారు.

ఇప్పుడు మీ ప్లాస్టిక్ స్కేలును రెండు పుస్తకాల దొంతరలమీద వంతెనలా ఉంచి, మధ్యలో వేలితో నొక్కండి. కిందికి వంగుతుంది. సాగేది కింది వైపు. అందువల్ల గది స్లాబులో ముఖ్యమైన ఊచలు కింది వైపున ఉంటాయి. మధ్యలో ఇంకొక దొంతర పెట్టి ఇరువైపులా నొక్కి చూడండి. మధ్య దొంతర మీద స్కేలు పైకి ఉబ్బుతుంది. ఇక్కడ సాగేది పై వైపు! స్లాబులో అక్కడ, పైభాగాన, ఊచలు లేవు. కనుక పక్క ఊతలు తీసి నడిమి ఊతను వదిలేస్తే స్లాబు దానిమీద పైభాగాన పగలవచ్చు. అందుకనే గది స్లాబుకు ఊతలను మధ్యనుంచి మొదలుపెట్టి గోడల వైపు తీసుకుంటూ రావాలి.

సన్‌షేడు, బాల్కనీ సంగతి దీనికి తలకిందులు. వాటికి ఒక వైపే ఆధారం. స్కేలును బల్ల అంచున సగం బయటికి ఉంచి, లోపలి భాగాన్ని ఒక చేత్తో అదిమిపట్టి, బయటి చివర నొక్కితే తెలుస్తుంది. సాగేది పై వైపు. ఊచలు కూడా పై వైపునే ఉండాలి. ఇక్కడ ఊతలను బయటి చివరనుంచి తీస్తూ గోడ వైపు రావాలి. గోడ దగ్గరివి ముందు తీసి చివరిది వదిలేస్తే, సన్‌షేడు గోడకూ ఆ ఊతకూ మధ్య వంతెనలా మారి కింది వైపు సాగుతుంది. అక్కడ దాన్ని కాచే ఊచలు లేవు. పనిచేసేటప్పుడు పైనున్న ఊచలను తొక్కి కిందికి దించేసినా ఇదే ప్రమాదం.

ఊత సరిగ్గా నిలబడాలంటే

ఒక కొబ్బరి ఈనె తీసుకోండి. ఒక జానెడు ముక్కను బల్లమీద నిలువుగా పెట్టి పైనుంచి వేలితో నొక్కండి. వెంటనే విల్లులా వంగిపోతుంది. దానిలో సగం ముక్క తీసుకుని నొక్కండి. చాలా ఎక్కువ ఓర్చుకుంటుంది. సన్నని కర్ర పొడుగు రెట్టింపయితే వంగిపోకుండా అది మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ సూత్రాన్ని 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే స్విట్జర్లాండు గణితశాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు.

కనుకనే పొడుగాటి బాదులను మధ్యలో అడ్డకర్రలతో ఒకదానికొకటి కట్టాలి. అలా కట్టి కదలకుండా చేస్తే ఒక పొడుగాటి బాదు రెండు పొట్టి బాదులుగా పనిచేస్తుంది. రెండు కర్రలను అతికి ఊతగా పెట్టడం, ఏటవాలుగా నిలబెట్టడం, పొట్టిగా ఉందని కింద విడి ఇటుకలు పేర్చడం చాలా ప్రమాదం.

ఊత కింద నేల కూడా గట్టిగా ఉండాలి. ఇందాక లెక్కవేసిన స్లాబు కింద మీటరుకొకటి చొప్పున 16 ఊతలున్నాయనుకుంటే, ఒక్కొక్కటి 300 కిలోల పైనే మోస్తుంది. బాదు అడుగుభాగం మీ అరచేయంతే ఉంటుంది. తడి మట్టిలో అది మేకులా దిగిపోతుంది. పీడనం తగ్గాలంటే వైశాల్యం పెంచాలని మీరు చదువుకున్నారు కదా! అందుకే ప్రతి ఊత కిందా వెడల్పయిన మందపు చెక్క వేయాలి. వర్షం పడితే మళ్ళీ వచ్చి చూసుకోవాలి.

కొత్త గోడ పక్కన నిలబడవద్దు

ఇటుకగోడకు కూడా ఇదే నీతి. మాలు గడ్డకట్టినా బలపడలేదు. పైన స్లాబు లేదు, పక్కన అడ్డగోడ లేదు. అలాంటి ఒంటిగోడ పెద్ద గాలికి పుస్తకంలా పడిపోగలదు. అందుకే గోడను ఒక రోజులో ఒకటిన్నర మీటరుకు మించి లేపకూడదంటారు.

అమెరికాలో దీనికొక మంచి నియమం ఉంది. గోడ కడుతున్నప్పుడు పరంజా లేని వైపున, గోడ ఎత్తుకు మరో నాలుగు అడుగులు కలిపినంత వెడల్పు స్థలంలోకి ఇతరులెవరినీ రానివ్వరు. గోడ ఎత్తు 10 అడుగులయితే 14 అడుగుల దూరం వదలాలి. ఎత్తుకు సమానంగా వదిలితే చాలదా? చాలదు. పడిన ఇటుకలు నేలకు తగిలి ఇంకా ముందుకు దొర్లుతాయి. గోడ ఎనిమిది అడుగులు దాటితే, కప్పువంటి శాశ్వత ఆధారం వచ్చేదాకా దానికి ఊతకర్రలు పెట్టి తీరాలి.

కడుతున్న గోడ నీడలో భోజనానికి కూర్చోవడం, చంటిబిడ్డకు అక్కడే ఉయ్యాల కట్టడం మనం చూస్తుంటాం. నీడకోసం చెట్టు కిందికి వెళ్ళాలిగాని కొత్త గోడ కిందికి కాదు.

మరి మూడు సంగతులు

పైనుంచి పడే వస్తువు: 10 మీటర్ల ఎత్తునుంచి జారిన ఇటుక నేలను చేరేసరికి సెకనుకు 14 మీటర్ల వేగం అందుకుంటుంది. అంటే గంటకు 50 కిలోమీటర్లు. మూడు కిలోల ఇటుక ఆ వేగంతో తలకు తగిలితే ఏమవుతుంది? హెల్మెట్ అలంకారం కాదని ఈ లెక్కే చెబుతుంది.

నిలబడిన ఊచలు: పిల్లర్ల కోసం వదిలిన ఊచలు ఈటెల్లా నిటారుగా ఉంటాయి. పైనుంచి వాటిమీద పడితే ప్రాణానికే ముప్పు. ప్లాస్టిక్ సీసా తొడిగితే చేతులు గీసుకోకుండా ఆపుతుందిగాని పడిన మనిషిని ఆపదు. ఊచల కొసలమీద బలమైన చెక్కతొట్టెను బోర్లించి బిగించాలి.

సిమెంటు కాలిన గాయం: సిమెంటు నీటితో కలిసినప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు కూడా ఏర్పడుతుంది. తడి సిమెంటు పి.హెచ్. విలువ 12 దాటుతుంది. అంటే తీవ్రమైన క్షారం. మొదట నొప్పి తెలియదు. గంటల తరబడి అందులో నిలబడ్డాక చర్మం కాలి పుండ్లు పడుతుంది. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు అందుకే. ఒంటికి తగిలిన వెంటనే మంచినీళ్ళతో కడుక్కోవాలి. కంట్లో పడితే కనీసం పావుగంటసేపు నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

సంపులో కనిపించని శత్రువు

చివరిగా, మన ఊళ్ళలో తరచు ప్రాణాలు తీసే ప్రమాదమొకటి చెబుతాను. నీళ్ళ కోసం ఇంటి ముందు నేలలో సంపు కడతారు. దానికి స్లాబు వేసి, గడువు అయ్యాక సెంట్రింగు చెక్కలు తీయటానికి చిన్న మూతలోంచి ఒక మనిషి లోపలికి దిగుతాడు. దిగినవాడు పలకడు. ఏమైందో చూద్దామని రెండోవాడు దిగుతాడు. అతడూ పలకడు. అలా ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోతారు.

లోపల ఏముంది? విషమేదో ఉండనక్కరలేదు. ప్రాణవాయువు లేకపోతే చాలు. మూసి ఉన్న సంపులో తడి చెక్క మీద బూజు, బాక్టీరియా పెరుగుతాయి. అవి కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుని కార్బన్ డయాక్సైడు వదులుతాయి. బయటి గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ లోపల రోజురోజుకూ తగ్గిపోతుంది. 10 శాతం కంటే తగ్గితే మనిషికి ఊపిరాడటం లేదన్న సంగతి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. కంటికి కనిపించదు, వాసన రాదు.

కనుక మూతలన్నీ ముందు రోజే తెరిచిపెట్టాలి. ఫ్యానుతో లోపలికి కొత్త గాలి కొట్టాలి. ఆక్సిజన్ కొలిచే పరికరం ఉంటే దాన్ని దించి చూడాలి. దిగేవాడి నడుముకు తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని పైన ఇద్దరుండాలి. లోపలి మనిషి పలకకపోతే తాడుతో పైకి లాగాలి. తాడు లేకపోతే గాలి కొడుతూ ఫైరు సర్వీసు వారిని పిలవాలి. అంతేగాని మరొకరు దిగకూడదు. ఈ ఒక్క పేరా మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

మీరేం చేయాలి?

కడుతున్న ఇళ్ళలో దాగుడుమూతలు ఆడకండి. ఊతలకున్న తాళ్ళు, చెక్కముక్కలు లాగకండి. ఇసుకకుప్ప ఎంత ఊరించినా, పక్కన గుంటలు, ఊచలు ఉంటాయని మరవకండి.

ఈసారి స్లాబు వేసిన ఇంటి ముందునుంచి బడికి వెళ్ళేటప్పుడు, రోడ్డుమీదనుంచే గమనించండి. ఊతలు నిలువుగా ఉన్నాయా? కింద చెక్కలు వేశారా? మధ్యలో అడ్డకర్రలు కట్టారా? స్లాబు వేసిన తేదీని నోటు పుస్తకంలో రాసుకుని, ఊతలు ఎన్నో రోజున తీశారో లెక్కపెట్టండి. పైన నీళ్ళు ఎన్నాళ్ళు నిలవ పెట్టారో కూడా రాయండి. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, మన ఎండలకు పది రోజులు ఉండాలి.

సిమెంటు ఎవరిమాటా వినదు. ఇంటాయన తొందరా, మేస్త్రి ధైర్యమూ దానికి పట్టవు. తనకు కావలసిన రోజులు తాను తీసుకుంటుంది. ఆ రోజులను దానికి ఇవ్వటమే మన పని. అలా ఇచ్చిన చోట సెంట్రింగు విప్పే కూలీ సాయంత్రం క్షేమంగా తన ఇంటికి వెళతాడు.